సూదికి లేని తేడా బడికెందుకు?

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి ఏ బజారులోకి నడిచినా, ప్యాంట్లు చొక్కాలు కుట్టే దుకాణాల్లో మిషన్ తొక్కేది ఎక్కువగా మగవాళ్లే. పాలమూరులో పెళ్లి వంటకు మనుషులను మాట్లాడితే, గాడిపొయ్యి దగ్గర పెద్ద గరిటె పట్టుకుని నిలబడేదీ మగవాళ్లే. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు వలస వెళ్లిన కూలీల్లో ఒంటరిగా ఉన్న మగవాళ్లు తమ అన్నం తామే వండుకున్నారు, చినిగిన చొక్కా తామే కుట్టుకున్నారు. ఇదంతా పిల్లల కళ్ల ముందే ఉంది. అయినా బడిలో కుట్టు అనగానే ఆడపిల్లల వైపు, స్క్రూడ్రైవర్ అనగానే మగపిల్లల వైపు మన చూపు దానంతటదే తిరుగుతుంది.

ఈ చూపు వెనుక డబ్బు లెక్క ఉందని నా నమ్మకం. ఇంట్లో ఊరికే చేసే కుట్టు ఆడవాళ్లది, బజారులో కూలి తెచ్చే కుట్టు మగవాళ్లది. ఇంటి వంట అమ్మది, పైసలొచ్చే వంట మేస్త్రీది. పని అదే, సూది అదే. జీతం, పేరు ఎక్కడుంటే అక్కడికి మగవాడు చేరతాడు. ఇది ప్రకృతి నియమమన్నట్టు బడి పిల్లలకు నేర్పుతోంది. పాఠంగా చెప్పి నేర్పడం లేదు, పనులు పంచే తీరుతో నేర్పుతోంది.

ఉమ్మడి నల్లగొండ జిల్లా చేనేత ఊళ్లలో ఈ విభజన ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు బట్ట మీద పడదు, నేయకముందే దారం మీద పడుతుంది. పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా పడే దారాన్ని, అర్ధచంద్రాకారపు చట్రం మీద, మేకుల చుట్టూ ముందుకూ వెనక్కూ తిప్పి వరుసలుగా పోయాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఆ తర్వాత గ్రాఫ్ కాగితం మీది డిజైన్ ప్రకారం దారానికి గుర్తులు పెట్టి, రబ్బరు ముక్కలు బిగించి కట్టి, అద్దకం వేస్తారు. ఒక్క చీరకు ఆసు మీద చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. తరతరాలుగా చాలా ఇళ్లలో ఆ చెయ్యి ఆడవాళ్లది. కండెలు చుట్టేదీ వాళ్లే. మగ్గం మీద కూర్చున్న మనిషిని నేతకారుడు అన్నాం, ఆసు దగ్గర భుజాలు అరిగిపోయిన మనిషి పనిని ఇంటిపనిలో కలిపేశాం.

ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం కథను ఇక్కడ సరిగ్గా చదవాలి. చిన్న వయసులోనే బడి మానేసిన ఆయన, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పట్టుదలకు ఉదాహరణగా ఈ కథను సభల్లో చెబుతుంటారు. నాకు అందులో కనిపించేది వేరొకటి. ఆడవాళ్ల పనిగా తీసిపారేసిన పనిని ఒక మగపిల్లవాడు దగ్గరగా చూశాడు, అందులోని బాధను, యాంత్రిక సూత్రాన్ని రెండింటినీ అర్థం చేసుకున్నాడు. ఆ పనిలో తిరుగుతున్నది చెయ్యి కాబట్టి దాన్ని యంత్రం తిప్పగలదన్న ఆలోచన, ఆ పని వైపు చూసినవాడికే వస్తుంది. చూడవద్దని నేర్పిన పిల్లవాడికి ఎక్కడ నుంచి వస్తుంది?

దసరా సెలవులకు ముందు బడుల్లో బతుకమ్మ జరిపే రోజున ఒక ఉన్నత పాఠశాలలో చూసిన సంగతి చెబుతాను. తంగేడు, గునుగు, బంతి కోసుకుని సంచుల నిండా మోసుకొచ్చింది మగపిల్లలు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు తాంబాళం ముందు కూర్చుని గునుగు కాడలను ఒకే పొడవుకు తుంచి, రంగులో ముంచిన కట్టలను తెల్లవాటితో మార్చి మార్చి వరుస పేరుస్తున్నాడు. ఒక్క పువ్వు పక్కకు వాలలేదు. వరుస వరుసకూ చుట్టుకొలత తగ్గుతూ పోతోంది. ఇంట్లో నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాడట. అంతలో ఒక ఉపాధ్యాయుడు వచ్చి, "నీకెందుకురా ఇది, ఆడపిల్లలు పేరుస్తారులే, నువ్వు పోయి కుర్చీలు వెయ్యి" అన్నారు. ఆయన దురుద్దేశంతో అనలేదు. పిల్లలందరూ నవ్వారు. అబ్బాయి చేతులు దులుపుకుని లేచాడు. ఆ నవ్వు వాడికి ఏం నేర్పిందో, పక్కనున్న ఆడపిల్లలకు ఏం నేర్పిందో ఆ బడి ఎప్పటికీ ప్రశ్నపత్రంలో అడగదు.

ఈ అబ్బాయి సంగతే అసలు చిక్కు. అమ్మాయి స్పానర్ పట్టుకుంటే ఈ రోజుల్లో చప్పట్లు కొడుతున్నాం, ఫొటో పెడుతున్నాం. కొట్టాల్సిందే. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు స్త్రీలు పనికిరారన్న నిబంధనను ఎదిరించి హైకోర్టుకు వెళ్లిన యువతులు, 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్షకు నిలబడ్డారు. వాళ్ల తెగువ చిన్నది కాదు. కానీ సూది పట్టిన అబ్బాయికి చప్పట్లు లేవు, వెక్కిరింపు ఉంది. మగవాళ్ల పనిలోకి అమ్మాయి రావడం ఎదగడంగానూ, ఆడవాళ్ల పనిలోకి అబ్బాయి రావడం దిగజారడంగానూ చూసినంత కాలం ఆడవాళ్లు చేసే పని విలువ అంగుళం కూడా పెరగదు. అమ్మాయిలకు వైరింగ్ నేర్పి ఊరుకునే బడి సగం పనే చేసింది. మిగతా సగం అబ్బాయికి గుండీ కుట్టడం, అన్నం వార్చడం, పసిపిల్లను ఎత్తుకోవడం నేర్పడంలో ఉంది. అదే కష్టమైన సగం.

చెప్పేవాళ్లు లేక ఇలా ఉందనుకోలేం. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరు పాఠ్యప్రణాళిక అవసరం లేదని హంసా మెహతా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1964లోనే తేల్చింది. దేశ విద్యావ్యవస్థను సమీక్షించిన కొఠారీ కమిషన్ ఆ మాటను సమర్థించింది, పని అనుభవం చదువులో భాగం కావాలన్నది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలందరూ వడ్రంగం, విద్యుత్ పని, లోహపు పని, తోటపని, కుండల తయారీ వంటివి చేతులతో చేసి చూడాలని, అందుకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని రాసింది. "అందరూ" అన్న ఆ మాట పాలమూరులోనో, దేవరకొండలోనో ఒక బడి ఆవరణకు చేరేసరికి రెండు వరుసలుగా చీలిపోతోంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. చేతిపనుల పేరుతో బహుజనుల పిల్లలను మళ్లీ కులవృత్తికి కట్టేస్తారేమోనన్న అనుమానం మన దగ్గర బలంగా ఉంది, ఉండాలి కూడా. 1953లో మద్రాసు రాష్ట్రంలో ముఖ్యమంత్రి రాజాజీ తెచ్చిన పథకం బడి వేళలు తగ్గించి, మిగతా సమయంలో పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలన్నది. పెరియార్ నాయకత్వంలో జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. తిరగబడటం న్యాయమే. ఆ పథకంలో కులం, ఆడ-మగ తేడా ఒకే ముడిలో ఉన్నాయి. కొడుకుకు తండ్రి వృత్తి, కూతురికి తల్లి వంటగది.

ఆ ముడి విప్పాలంటే చేతిపనిని బడి నుంచి తీసేయడం దారి కాదు. తీసేస్తే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. నేతవాళ్ల అమ్మాయి ఇంట్లో కండెలు చుడుతూనే ఉంటుంది, పెద్ద రైతు కొడుకు జన్మలో మగ్గం ముట్టడు. ఇక్కత్ పద్ధతిలోనే నేసే పుట్టపాక తేలియా రుమాల్‌లో ఉన్న జ్యామితిని ఏ కులం పిల్లవాడైనా, ఏ పిల్లైనా గ్రాఫ్ కాగితం మీద గీసి దారం మీదికి దించగలగాలి. సారె మీద మట్టిని లేపే పని కుమ్మరి ఇళ్లలో ఎక్కువగా మగవాళ్లకే పరిమితమైంది, మట్టి పిసికి సిద్ధం చేసేది ఆడవాళ్లు. బడి ఆవరణలో ఆ సారె ముందు ఒక లంబాడా అమ్మాయి కూర్చోగలగాలి. పుట్టుకతో రాని పనిని సంకోచం లేకుండా ముట్టుకోవడానికి ఈ జిల్లాల పిల్లలకు బడి తప్ప మరో చోటు లేదు.

తల్లిదండ్రుల మాట కూడా వినాలి. "మా పిల్లలు మగ్గం ఎక్కకూడదనే బడికి పంపుతున్నాం" అని నేతకారులు అంటారు. అప్పులు, ఆత్మహత్యలు చూసిన ఊళ్లవి. వాళ్ల పిల్లలను మగ్గం మీద కూర్చోబెట్టి ఇది గొప్ప వారసత్వమని ఉపన్యాసం ఇవ్వడం క్రూరత్వం. వాళ్ల పిల్లలకు కంప్యూటర్, వైరింగ్, వడ్రంగం ముందు దొరకాలి. మగ్గం దగ్గరికి మిగతా వాళ్ల పిల్లలు రావాలి.

ఇదంతా చెయ్యడానికి మనుషులు కావాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి చిత్రకళ, వ్యాయామం, పని విద్య నేర్పే పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. పని విద్య బోధకుడి చోటు ఖాళీగా ఉన్న బడి ఏదైనా చట్టాన్ని అమలు చేయని బడే. నియమించేటప్పుడు కుట్టు నేర్పడానికి బజారులో మిషన్ తొక్కే పురుషుడిని, మగ్గం నేర్పడానికి నేత తెలిసిన స్త్రీని ముందుగా పిలవాలి. గౌరవ వేతనం పేరుతో చేతిలో నాలుగు కాగితాలు పెట్టి పంపకుండా, లెక్కల టీచరు పీరియడుకు ఎంత విలువ కడతామో వాళ్ల పీరియడుకూ అంతే కట్టాలి.