దాచుకోబోతే కోతా?

రాత్రి తొమ్మిదింటికి టిఫిన్ బండి కట్టేసిన మనిషి, రెండు రోజుల అమ్మకం ఆరు వేలు జేబులో పెట్టుకుని బ్యాంకు డిపాజిట్ మెషిన్ దగ్గరికి వెళ్తాడు. కార్డు పెట్టి పిన్ కొడతాడు. నలిగిన నోట్లను అరచేత్తో సాపు చేసి పేరుస్తాడు. మెషిన్ రెండు నోట్లు వెనక్కి తోస్తే తిప్పి మళ్లీ పెడతాడు. డబ్బు జమైందని మెసేజ్ వస్తుంది. కొన్నాళ్లకు ఇంకో మెసేజ్: 59 రూపాయలు కట్. పనివేళలు దాటాక నగదు వేసినందుకు 50, దాని మీద 18 శాతం జీఎస్టీ కింద 9.

పనివేళల తర్వాత లేదా సెలవు రోజున మెషిన్‌లో పరిమితికి మించి నగదు వేస్తే కొన్ని ప్రైవేటు బ్యాంకులు ఇలా రుసుము తీసుకుంటున్నాయి. నెలలో ఇన్నిసార్లే వేయాలన్న హద్దు దాటితే కౌంటర్ దగ్గరా వసూలు చేసే బ్యాంకులున్నాయి. రెండున్నర శాతం వడ్డీ ఇచ్చే ఖాతాలో ఆరు వేలకు ఏడాదికి వచ్చేది 150 రూపాయలు. అంటే ఒక్క కోతతో దాదాపు ఐదు నెలల వడ్డీ పోయినట్టే. ఇది కాక కార్డుకు ఏటా చార్జీ వేరే. ఫోన్‌లో యూపీఐతో పంపితే ఖర్చు లేదు కదా అంటారు. ఇడ్లీ తిన్నవాళ్లు చేతికిచ్చింది నోట్లయితే అతనేం చేస్తాడు?

చార్జీల పట్టిక వెబ్‌సైట్‌లో ఉందని బ్యాంకుల సమాధానం. ఆ పట్టిక చదివి మెషిన్ దగ్గరికి వచ్చేదెవరు? ముందు చెప్పకుండా తీసుకున్న డబ్బును చార్జీ అనడానికి మాకు మనసొప్పడం లేదు.

చిన్న ఖాతాదారులకు ఒక దారి ఉంది. అది ప్రాథమిక పొదుపు ఖాతా. 2019 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అందులో కనీస నిల్వ అక్కర్లేదు. కౌంటర్‌లోనైనా మెషిన్‌లోనైనా ఎన్నిసార్లు నగదు వేసినా రుసుము కట్టక్కర్లేదు. ఏటీఎం కార్డూ ఉచితమే. ఈ సంగతి ఖాతా తెరిచేటప్పుడు చెప్పేవాళ్లు అరుదు, అదే మా బాధ. అన్యాయంగా కోత పడితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు ఫీజు లేదు. వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు.

కానీ 59 రూపాయల కోసం పని మానుకుని ఎంతమంది తిరుగుతారు? అందుకే మేం కోరేది చిన్న మార్పు. ఏటీఎంలో భాష ఎంచుకోమంటున్నారు కదా, అలాగే నోట్లు లోపలికి తీసుకునే ముందే డిపాజిట్ మెషిన్ తెరమీద తెలుగులో అడగాలి: ‘ఇప్పుడు వేస్తే 59 రూపాయలు కట్ అవుతాయి, సరేనా?’ అని. ఈ మేరకు రిజర్వు బ్యాంకు ఆదేశం ఇవ్వాలి. అలా అడగకుండా తీసుకున్నది ఖాతాదారు తిరగకుండానే వెనక్కి జమ చేయించాలి. వద్దనుకున్నవాడు తన నోట్లు తాను తీసుకుని, పొద్దున బ్యాంకు తెరిచాక వచ్చి వేసుకుంటాడు.