చెడిపోతే చెప్పే ట్యాంకు, చెప్పని ట్యాంకు

లోకంలోని ప్రతి విషయం మీదా అభిప్రాయం ఉన్న పెద్దమనిషిని ఎవరినైనా ఎంచుకోండి. పెద్దగా వెతకనక్కరలేదు, అద్దం చాలు. ధరలు ఎందుకు పెరుగుతాయి, యుద్ధాలు ఎలా ఆగుతాయి, యువత ఎందుకు చెడిపోయింది అని అడగండి. గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఆ ఊపు తగ్గకముందే ఇంకొక్క ప్రశ్న వేయండి. "అయ్యా, తమరు రోజూ పొద్దున్నే మీట నొక్కుతారు కదా, నొక్కాక ఆ పింగాణీ ట్యాంకులో ఏమి జరుగుతుంది?" అంతే, నీళ్లు నములుతాడు. ఎక్కడి నీళ్లో మనం అడగకూడదు.

ఇది నేను వేస్తున్న నింద కాదు, పరిశోధనలో తేలిన సంగతి. 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లియొనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ అనే ఇద్దరు కొంతమందిని కూర్చోబెట్టారు. జిప్పు, తాళం, కుట్టుమిషను, ఫ్లష్ టాయిలెట్ లాంటివి ఎలా పనిచేస్తాయో తమకు ఎంత బాగా తెలుసో 1 నుంచి 7 వరకు మార్కులు వేసుకోమన్నారు. జనం ధారాళంగా వేసుకున్నారు. "మంచిది, అయితే మెట్టు మెట్టుగా రాయండి" అన్నారు. రాయబోతే కలం కదలలేదు. మళ్లీ మార్కులు వేసుకోమంటే అంకెలు దిగిపోయాయి. తన పేపరు తానే దిద్దుకుంటూ మార్కులు తగ్గించుకున్న మనుషులు చరిత్రలో వీళ్లొక్కరే కావచ్చు.

కనుక పాలకులకు నాదొక విన్నపం. అభిప్రాయాలు చెప్పేవారికి అర్హత పరీక్ష పెట్టాలి. తెల్లకాగితం ఇచ్చి ఫ్లష్ ట్యాంకు లోపలి బొమ్మ గీయమనాలి. నీళ్లు నింపే బాల్ కాక్ ఎక్కడ ఉంటుందో, వాటిని వదిలే అడుగు వాల్వు ఎక్కడ ఉంటుందో, పొంగు గొట్టం ఎందుకు ఉంటుందో చూపించగలిగినవారి చేతికే మైకు ఇవ్వాలి. నేను ఆ పరీక్ష ఈమధ్యనే పాసయ్యాను కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను. కోరి రాసిన పరీక్ష మాత్రం కాదు.

రాత్రి రెండు గంటలకు స్నానాలగదిలోంచి స్స్స్ మని చప్పుడు వినిపించింది. ఒక నిమిషం వినిపించి ఆగిపోయింది. ఇరవై నిమిషాల తరువాత మళ్లీ అదే చప్పుడు. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నారు, మీట ఎవరూ నొక్కలేదు. దయ్యాలకు కూడా ఆ అవసరం పడుతుందా అన్న తత్త్వ విచారంలో కాసేపు గడిపి, టార్చి పట్టుకుని వెళ్లి, జీవితంలో మొదటిసారి ట్యాంకు మూత ఎత్తాను.

ఎత్తినవాడిగా ఒక ఫిర్యాదు. ఆ మూతను తీసి ఎక్కడ పెట్టాలో ఇన్ని వందల ఏళ్లలో ఒక్క ఇంజినీరూ ఆలోచించలేదు. కమోడ్ మీద పెడితే జారుతుంది, నేల మీద పెడితే కాలికి తగులుతుంది, చేత్తో పట్టుకుంటే పని చేయడానికి ఒక్క చేయే మిగులుతుంది. నేను చంకలో పెట్టుకున్నాను. తెల్లటి పలకను చంకలో పెట్టుకుని, టార్చిని నోట కరచుకుని, ట్యాంకులోకి వంగి చూస్తున్న మనిషి ఎలా ఉంటాడో దయచేసి ఊహించకండి.

లోపల నీళ్లు తేటగా ఉన్నాయి. చాలామంది మురికి అనుకుంటారు గానీ, అవి కుళాయి నీళ్లే. గోడల మీద నీటిమట్టం దగ్గర సన్నటి గోధుమరంగు గీత ఉంది. అడుగున రెండంగుళాల కంత, దాని మీద నల్లటి రబ్బరు మూత (అడుగు వాల్వు అంటే ఇదే), మూత నుంచి మీట దాకా చిన్న గొలుసు. అసలు విశేషమంతా ఆ రబ్బరు మూతలోనే ఉంది. రెండంగుళాల కంత అంటే సుమారు 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. దాని మీద 20 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే మూత నెత్తిన 400 గ్రాముల బరువు పడుతుంది. స్ప్రింగు లేదు, గడియ లేదు. బయటపడాలని చూస్తున్న నీళ్లే తలుపును బిగించి పెట్టాయి. తోసుకువచ్చిన జనం బరువుకే తలుపు బిగుసుకుపోయినట్టు.

మీట నొక్కితే గొలుసు ఆ 400 గ్రాముల పట్టును ఒక్కసారి విడిపిస్తుంది. కిందికి నీళ్లు చొరబడగానే పట్టు పోతుంది. రబ్బరు మూత కింద చిన్న బోలు ఉంటుంది, అందులో గాలి ఉంటుంది, కనుక మూత తేలుతుంది. మీరు మీట వదిలేసినా తేలుతూనే ఉంటుంది. నీళ్లు తన మట్టానికి దిగాకే తాను కూడా దిగి కంత మూసుకుంటుంది. ఎన్ని నీళ్లు వదలాలో నిర్ణయించేది మీరు కాదు, రబ్బరు బోలులోని గాలి. నిర్ణయం తనదేనన్న తృప్తితో మీరు చేయి కడుక్కుని వస్తారు, అది వేరే సంగతి.

కమోడ్‌లో కదిలే భాగమే లేదు. దానికి కావలసిందల్లా ఒక్క ఉదుటున వచ్చే నీళ్లు. నమ్మకం లేకపోతే బకెట్టు నీళ్లు గబాలున పోసి చూడండి, ట్యాంకు లేకుండానే పని జరుగుతుంది. అంటే మనం మహాయంత్రం అనుకుంటున్నది నిజానికి కొన్ని లీటర్ల నీళ్లను పట్టి ఉంచి, అడగ్గానే వదిలేసి, మళ్లీ పట్టుకునే గుమాస్తా.

మళ్లీ పట్టుకునే పని బాల్ కాక్‌ది. నీళ్లు తగ్గితే తేలే బంతి దిగుతుంది, బంతి చేయి వంగుతుంది, కుళాయి తెరుచుకుంటుంది. నీళ్లు పెరిగితే బంతి లేస్తుంది, చేయి లేచి చివరనున్న వాషర్‌ను నొక్కి కుళాయి మూస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, పాస్‌వర్డ్ లేదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఆయన నీటి గడియారానికి ఇలాంటి తేలే వాల్వే పెట్టాడు. తొట్టిలో నీటిమట్టం మారకుండా ఉంటేనే ధార ఒకే తీరున పడి కాలం సరిగ్గా తెలుస్తుంది కనుక. తన ఫలితాన్ని తానే గమనించుకుని తన్ను తాను దిద్దుకునే యంత్రాల చరిత్ర అక్కడినుంచే మొదలవుతుందని చెబుతారు. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి వేగ నియంత్రణ అమర్చింది 1788లో, అంటే రెండువేల ఏళ్ల తరువాత. తన పని ఫలితాన్ని తాను గమనించుకునే అలవాటు మనుషులకు ఎప్పుడు వచ్చిందో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు.

ఒకవేళ బాల్ కాక్ మూసుకోవడం మరిచిపోతే? అందుకు పొంగు గొట్టం ఉంది. నిండుకుండ తొణకదన్న సామెతను ప్లంబర్లు నమ్మలేదు. తొణికినప్పుడు గదిలోకి కాక కమోడ్‌లోకి తొణకమని దారి చూపించారు.

వచ్చిన చిక్కంతా ఈ మంచితనంతోనే. బాల్ కాక్ ఆగకపోయినా, రబ్బరు మూత సరిగ్గా కూర్చోకపోయినా నీళ్లు పోయేది కమోడ్‌లోకే. నేల తడవదు, గోడ నానదు, ఎవరూ జారిపడరు. చాప కింద నీరు అంటే ఇంకా నయం, చాప ఎత్తితే కనిపిస్తుంది. ఇక్కడ నీళ్లు నీళ్లలోనే కలుస్తాయి. నిమిషానికి 100 మిల్లీలీటర్లు కారినా రోజుకు 144 లీటర్లు. అంటే 6 లీటర్ల ట్యాంకు రోజుకు 24 సార్లు ఎవరి కోసమూ కాకుండా ఖాళీ అయినట్టు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ నెలకొకసారి నీళ్ల బిల్లులో మాత్రం సంతకం చేసి పోతాడు.

ఈ ముప్పు పూర్వులకు తెలియక కాదు. 1596లో ఇంగ్లండులో జాన్ హారింగ్టన్ తాను కట్టించిన ఫ్లష్ టాయిలెట్‌ను వర్ణించినప్పుడే వాల్వు ఉంది. ఆ పుస్తకంలోని బొమ్మలో ట్యాంకులో చేపలు కూడా ఈదుతుంటాయి. చేపలు లేకపోతే అవి నీళ్లని పాఠకుడికి అర్థం కాదనుకున్నారు కాబోలు. 1775లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్, 1778లో తాళాలు చేసే జోసెఫ్ బ్రామా తలా ఒక పేటెంటు తీసుకున్నారు. కాలాన్ని కొలిచేవాడు, దొంగలను ఆపేవాడు ఇద్దరూ చేయి వేశారు. అయినా వాల్వు అన్నది ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. (ఇక్కడ థామస్ క్రాపర్ పేరు చెప్పలేదేమని అడిగేవారికి: ఆయన మంచి ప్లంబరు, మంచి వ్యాపారి, ఫ్లష్ టాయిలెట్‌ను కనిపెట్టింది ఆయన కాదు. ఆయనకు సర్ బిరుదూ రాలేదు. ఆ రెండూ జనం ఇచ్చినవే.)

బ్రిటిష్ వారు ఆఖరికి ఒక విరుగుడు పట్టారు. కారే కంతే లేకపోతే? ట్యాంకు అడుగున వాల్వు బదులు తలకిందులైన U ఆకారంలో గొట్టం వంపు పెట్టారు. ఒక కాలు నీళ్లలో, రెండో కాలు కమోడ్ వైపు, నడుము నీటిమట్టానికి పైన. మీట నొక్కితే లోపలి పలక కొన్ని నీళ్లను ఎత్తి వంపు దాటిస్తుంది. ఒకసారి దాటాక ముందు పోయిన నీళ్లు వెనుకవాటిని లాక్కుపోతాయి. అడుగున గాలి చొరబడగానే ఆట ముగుస్తుంది. ఇదే సైఫన్. వంపు నీటికి పైన ఉంది కనుక, ఎవరూ నొక్కకుండా చుక్క కూడా కమోడ్‌లోకి దిగదు. దానికి వాళ్లు పెట్టిన పేరు వింటే మంత్రిత్వశాఖ అనుకుంటారు: 'నీటి వృథా నివారిణి'.

నాకు ఈ సైఫన్‌లో నచ్చింది అది కారకపోవడం ఒక్కటే కాదు, చెడిపోయే తీరు. లోపలి పలక మీది పల్చటి పొర చిరిగిందనుకోండి. మీట నొక్కుతారు, గలగలమని నీళ్లు కదులుతాయి, ఏమీ జరగదు. మళ్లీ నొక్కుతారు, మూడోసారి పంపు కొట్టినట్టు కొడతారు. ఇంటికి చుట్టాలు వచ్చినవేళ అయితే పరువు పోతుంది. కానీ అందులో మోసం లేదు. "నేను చెడిపోయాను, నన్ను బాగుచేస్తే తప్ప పనిచేయను" అని ఇల్లంతా తెలిసేలా మొరాయిస్తుంది. రబ్బరు మూత అలా కాదు. చెడిపోయాక కూడా నొక్కినప్పుడల్లా చక్కగా పనిచేస్తుంది, మిగతా వేళంతా ఖజానా ఖాళీ చేస్తుంది. ఇలాంటి ఉద్యోగి మీద ఫిర్యాదు రాదు. పదోన్నతి కూడా రావచ్చు.

బ్రిటన్ ఈ తేడాను ఎంత పట్టించుకుందంటే, అక్కడి నిబంధనలు చాలా దశాబ్దాలు ఇళ్ల ట్యాంకుల్లోకి అడుగు వాల్వును రానివ్వలేదు. 2001 జనవరి 1 నుంచి తలుపులు తెరిచారు. అదే రోజు నుంచి కొత్త టాయిలెట్ ఫ్లష్‌కు 6 లీటర్లు మించకూడదన్నారు. నీళ్లు పొదుపు చేయమంటూ ఒక చేత్తో కొలత తగ్గించి, రెండో చేత్తో కారే వాల్వును లోపలికి పిలిచిన ఆ సమన్వయానికి నమస్కారం.

వాల్వు ఒంటరిగా రాలేదు, రెండు బటన్లతో వచ్చింది. 1980లో ఆస్ట్రేలియాలో బ్రూస్ థాంప్సన్ రూపొందించిన ట్యాంకులో పెద్ద పనికి 11 లీటర్లు, చిన్న పనికి 5.5 లీటర్లు. ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. వంక బటన్ల దగ్గర వచ్చింది. ఒకదాని మీద పూర్ణచంద్రుడు, ఇంకోదాని మీద అర్ధచంద్రుడు ఉంటారు. పూర్ణచంద్రుడు అంటే పెద్ద పని అని కొందరు, పెద్దగా కనిపించేదే మామూలు బటన్ అని ఇంకొందరు, ఎందుకైనా మంచిదని రెండూ ఒకేసారి నొక్కేవారు మిగతా అందరూ. మీట ఉన్నప్పుడు మనిషి నొక్కేవాడు. ఇప్పుడు ముందు ఆత్మపరిశీలన చేసుకోవాలి.

అందులోనూ వాల్వు వాల్వే. సన్నటి రబ్బరు వాషర్ మీద ఒక ఇసుక రేణువు కూర్చుంటే చాలు, ధార మొదలవుతుంది. పొదుపు కోసం పెట్టిన ఈ టాయిలెట్లే కారడం వల్ల తాము మిగిల్చేదానికంటే ఎక్కువ నీళ్లు పోగొడుతున్నాయని 2020లో బ్రిటన్‌లో నీటి సరఫరా రంగంవాళ్లే చెప్పారు. అమెరికా కథ ఇంకోలా నడిచింది. 1992 చట్టంతో ఫ్లష్ కొలతను సుమారు 13 లీటర్ల నుంచి 6కు దించారు. కమోడ్ వంపులు మాత్రం వెంటనే మారలేదు. ఒకసారి 13 లీటర్లు పోసినచోట జనం రెండుసార్లు 6 పోసి, చట్టాన్ని గౌరవిస్తూనే లీటరు పొదుపు చేశారు. తరువాత కమోడ్లు బాగుపడ్డాయి, ఫిర్యాదు మాత్రం అలాగే మిగిలిపోయింది. జనం పదిసార్లు, పదిహేనుసార్లు ఫ్లష్ చేయాల్సి వస్తోందని 2019 డిసెంబరులో సాక్షాత్తు ఆ దేశాధ్యక్షుడే వాపోయారు. నా అర్హత పరీక్ష ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించగలరు.

మళ్లీ నా ట్యాంకు దగ్గరికి వస్తాను. ఆ రాత్రి రబ్బరు మూతను వేలితో తడిమితే వేలికి కాటుక అంటుకున్నట్టు నల్లటి జిడ్డు అంటింది. శుద్ధి చేసిన నీళ్లలోని క్లోరిన్‌కు ఏళ్ల తరబడి నాని రబ్బరు కరగడం మొదలుపెట్టిందన్నమాట. మీట మీద, గోడ మీద, చంకలోని తెల్లటి మూత మీద నా వేలిముద్రలు పడ్డాయి. పొద్దున్నే చూసిన ఇంట్లోవాళ్లు ఏదో నేరం జరిగిందనుకున్నారు.

మర్నాడు కొత్త రబ్బరు మూత తెచ్చి బిగించాను. గొలుసు మొదట బిగుతైతే మూత కూర్చోలేదు, వదులు చేస్తే గొలుసు వెళ్లి మూత కిందే ఇరుక్కుంది. మూడో ప్రయత్నంలో కుదిరింది. కారుతోందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది: ట్యాంకు నీళ్లలో నాలుగు చుక్కలు రంగు కలిపి, ఎవరూ ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాలి. కమోడ్‌లో రంగు కనిపించకపోతే గెలిచినట్టు. నీలం రంగు వేశాను. తలుపు బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఇద్దరిని వెనక్కి పంపాను, అందులో ఒకరు ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.

అరగంట తరువాత వెళ్లి చూస్తే కమోడ్‌లో నీళ్లు లేత నీలంగా ఉన్నాయి.

మళ్లీ మూత ఎత్తి, చంకలో పెట్టుకుని, కొత్త రబ్బరును పక్కకు తీసి, అది ఆనుకునే అంచు చుట్టూ వేలు తిప్పాను. ఒకచోట సున్నం పేరుకుని గరుకుగా తగిలింది. రబ్బరు కొత్తదే, పీఠం పాతది.