ముట్టుకోవద్దని రాసి ఉన్న ఫైలు గారికి

శ్రీయుత ఎస్‌ఎంబీ డాట్ కాన్ఫ్ గారికి,
ఈటీసీ డైరెక్టరీ, సాంబా వారి ఇల్లు.

అయ్యా,

ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు అలవాటు కొద్దీ మీకొక కాపీ తీసి పక్కన పెట్టాను. మీ జోలికి వచ్చే ముందు బ్యాకప్ తీసుకోవాలని చేతులు కాలాక నేర్చుకున్నవాణ్ణి. మీ ఇంట్లో ఇప్పటికే డాట్ ఓల్డ్, డాట్ ఓల్డ్2, డాట్ బ్యాకప్, డాట్ ఫైనల్, డాట్ అసలు ఫైనల్ అంటూ అచ్చం మీ పోలికలతోనే తొమ్మిది మంది ఉన్నారు. మా ఆఫీసు ఫైళ్లు పంచే సర్వర్‌కు మాత్రం సెట్టింగుల ఫైలుగా మీ ఒక్కరి మాటే వేదం.

మీరు నాకు వారసత్వంగా వచ్చారు. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన సర్వర్ మీద సర్వాధికారాలిచ్చే రూట్ పాస్‌వర్డ్ చేతిలో పెట్టి, "అంతా బానే నడుస్తోంది, ముట్టుకోకండి" అనేసి వెళ్లిపోయాడు. మిమ్మల్ని తెరిచి చూస్తే ఆయన ఆ మాట మీ ఒంటి మీద కూడా రాశాడు. హ్యాష్ గుర్తు (అదో సెమికోలనో ముందుంటే ఆ లైనును సర్వర్ పట్టించుకోదు), పక్కన పెద్దక్షరాల్లో "ముట్టుకోవద్దు". దాని కింద నెట్‌వర్క్ వేగం తాలూకు ఒక లైను: సాకెట్ ఆప్షన్స్, టీసీపీ నోడిలే, రిసీవ్ బఫర్ 8192, సెండ్ బఫర్ 8192. ఎందుకు ముట్టుకోవద్దో మాత్రం రాయలేదు. ఆ లైను సంగతి తర్వాత చెబుతాను.

మీ గురించి తెలియనివాళ్లు చాలా మందే ఉంటారు. వాళ్లు అదృష్టవంతులు. ఒక గదిలో విండోస్ కంప్యూటర్లు, ఇంకో గదిలో లినక్స్ సర్వర్. విండోస్ వాళ్లు ఫైళ్లు పంచుకునేటప్పుడు మాట్లాడే భాష పేరు ఎస్‌ఎంబీ. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఆయన దానికి పురుడు పోశాడు. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచుకుని, తనకు నచ్చినట్టు మార్చుకుంది. లినక్స్‌కు పుట్టుకతో ఆ భాష రాదు. అందుకని మధ్యలో సాంబా అనే సర్వర్ కూర్చుని దుబాసీ పని చేస్తుంది. ఆ దుబాసీ ఏం మాట్లాడాలో, ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరి ముఖాన తలుపు వేయాలో మీలో రాసి ఉంటుంది. పెత్తనమంతా మీది, తిట్లు నావి.

మొదట్లో మీ ఇంటి పేరు విని నేను ముచ్చటపడ్డాను. స అంబ, సాంబ. అంబతో కూడినవాడు. సగం విండోస్, సగం లినక్స్, ఒకే దేహం. ఎంత తెలిసినవాడు పెట్టాడో అనుకున్నా. తీరా విచారిస్తే ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి 1992లో ఈ సర్వర్‌ను బయటికి వదిలాడు. ఎస్‌ఎంబీసర్వర్ అని పిలుచుకుంటుంటే ఆ పేరు మాదని ఒక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన కంప్యూటర్‌లో ఉన్న పదాల పట్టికలో ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరసలో వచ్చే మాటల కోసం గ్రెప్ అనే వెతికే కమాండ్ కొట్టాడు. దొరికినవాటిలో సాంబా ఒకటి, సాల్మన్‌బెర్రీ ఒకటి. ఇంకో మూడ్‌లో ఉండుంటే ఈపాటికి "సాల్మన్‌బెర్రీ పడిపోయింది, కాస్త చూడండి" అని నాకు ఫోన్లు వచ్చేవి.

సరే, పేరు పక్కన పెడదాం. మీ భాష సంగతి తేల్చుకోవాలి.

ఒక ఫోల్డర్‌లో రాసుకోనివ్వాలంటే మీలో ఏం రాయాలి? "రైటబుల్ ఈక్వల్‌టు యెస్" అనొచ్చు. "రైట్ ఓకే ఈక్వల్‌టు యెస్" అన్నా అదే. అదే కీలును అటువైపు నుంచి తిప్పి "రీడ్ ఓన్లీ ఈక్వల్‌టు నో" అన్నా అదే. అంటే "చదవడం మాత్రమేనా? కాదు." అర్ధరాత్రి రెండు గంటలకు ఆ 'కాదు'ను 'ఔను'గా తర్జుమా చేసుకోవడానికి బుర్ర సహకరించదు. రైటబుల్ స్పెల్లింగ్‌లో మధ్యన 'ఈ' ఉన్నా మీకు సమ్మతమే, లేకున్నా సమ్మతమే. ఇంత ఉదారులు కదా అని ఎవరెవరు రావచ్చో రాసే 'వాలిడ్ యూజర్స్' అనే చోట అక్షరం తారుమారు చేశాను ఒకసారి. మీరేమన్నారు? నాతో ఏమీ అనలేదు. తెలియని మాట కనబడితే లాగ్ అనే డైరీలో ఒక ముక్క గొణిగి దాటేయడం మీ సంస్కారం. ఫలితం, ఇద్దరికే అని రాసుకున్న ఫోల్డర్‌లోకి పాస్‌వర్డ్ ఉన్న ప్రతివాడూ వచ్చి చూసిపోయాడు.

టెస్ట్‌పార్మ్ అనే పరీక్షకుణ్ణి పెట్టుకున్నారు కదా, ఆయన్ను అడగాల్సింది అంటారు. అడిగితే ఆ తప్పు ఆయన పట్టుకునేవాడే, ఒప్పుకుంటాను. కానీ ఆయన సర్టిఫికెట్ విలువెంతో ఆయన మాన్యువల్‌లోనే ఉంది. ఫైలు సరిగా ఉందని నేను చెప్పినంత మాత్రాన అందులోని సేవలు అందుతాయనీ, అనుకున్నట్టు పనిచేస్తాయనీ హామీ లేదు అని. పాసయ్యావు, చదువు వచ్చిందని మాత్రం చెప్పలేను అన్నట్టు.

మీ ఆతిథ్యం మరీ విచిత్రం. 'మ్యాప్ టు గెస్ట్'కు 'బ్యాడ్ యూజర్' అని పెడితే, ముక్కూ మొహం తెలియనివాడు వస్తే అతిథి అని కూర్చోబెడతారు. రోజూ వచ్చే మనిషి పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం తప్పు కొడితే గెంటేస్తారు. ఇందులో లాజిక్ ఉందని నాకు తెలుసు. గెంటేసినవాళ్లు వచ్చి నిలబడేది నా టేబుల్ దగ్గర. వాళ్లకు లాజిక్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. అకౌంట్స్ ఫోల్డర్ రాత్రి.

ఫోల్డర్‌ను పాత డిస్క్ నుంచి కొత్త చోటికి మార్చాం. మీలో పాత్, అంటే ఫోల్డర్ చిరునామా, మార్చాను. టెస్ట్‌పార్మ్ సరేనన్నాడు. విండోస్‌లో చూస్తే ఫోల్డర్ పేరు నిక్షేపంలా కనబడుతోంది. డబుల్ క్లిక్ చేస్తే యాక్సెస్ డినైడ్. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

సరే, ఎవరు ఆపుతున్నారు? ఫైర్‌వాల్ చూశా, ఎస్‌ఎంబీ వచ్చిపోయే 445 పోర్ట్ తెరిచే ఉంది. ఏ కంప్యూటర్లు రావచ్చో చెప్పే హోస్ట్స్ అలౌ చూశా, అందరూ ఉన్నారు. వాలిడ్ యూజర్స్ ఈసారి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివా. లోపల లినక్స్ పర్మిషన్లు చూశా, బానే ఉన్నాయి. దాని పై ఫోల్డర్ చూశా, దాని పై ఫోల్డర్ కూడా చూశా. మీరు సరేనన్నా లినక్స్ కాదనొచ్చు, లినక్స్ సరేనన్నా పైవాడు కాదనొచ్చు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. చిత్రమేమిటంటే వీళ్లలో ఎవరు తన్నినా విండోస్‌లో కనబడే దెబ్బ ఒక్కటే. యాక్సెస్ డినైడ్.

చివరికి ఓపిక నశించి అందరూ చేసే పాపమే నేనూ చేశాను. సీహెచ్‌మోడ్ 777. ఆంక్షలన్నీ ఊడబెరికి ఎవరైనా ఏమైనా చేసుకోండని వదిలేయడం. ఏడు, ఏడు, ఏడు. పైకి చదివి చూడండి, అది నంబర్ కాదు, నాకిచ్చిన ఆజ్ఞ. పాటించాను కూడా. ఎందుకంటే 777 పెట్టాక కూడా తెరుచుకోలేదు.

మీ లాగ్ లెవెల్ 10కి పెంచి చూశాను. ఒక్క ఫోల్డర్ మీద ఒక్క క్లిక్కు పేజీలకు పేజీలు. అందులో మీరు చేసిన ప్రతి పనీ ఉంది, పనెందుకు కాలేదో మాత్రం లేదు. దొంగ దొరికింది మీ ఇంట్లో కాదు, పక్కింటి డైరీలో. ఆడిట్ లాగ్. ఎస్‌ఈలినక్స్ అనే కాపలాదారు ప్రతి ఫైలుకూ ఒక చీటీ అంటిస్తాడు. మేము ఆ ఫోల్డర్‌ను కాపీ చేయకుండా ఎంవీ అనే తరలించే కమాండ్ కొట్టి తెచ్చాం. ఎంవీతో తెస్తే పాత ఇంటి చీటీ కూడా వెంటే వస్తుంది. 'యూజర్ హోమ్' అన్న చీటీ ఉన్న ఫోల్డర్‌ను సాంబా ముట్టుకోకూడదని కాపలాదారు రూలు. చీటీ 'సాంబా షేర్' అని మార్చడానికి రెండు కమాండ్లు. అర నిమిషం పని. దానికి నేను వెతికింది నాలుగు గంటలు.

ఇందులో మీ తప్పేమీ లేదంటారు. అవును, లేదు. నా బాధే అది. మీ తప్పు ఎప్పుడూ ఉండదు.

కొసరు ఇబ్బందులు కూడా చెప్పేస్తాను. పాస్‌వర్డ్ రెండు చోట్ల పెట్టాలి, ఎందుకంటే లినక్స్ దాచుకునే పద్ధతి వేరు, విండోస్ పద్ధతి వేరు, ఒకదాంట్లోంచి ఇంకోటి రాబట్టలేం. మీలో మార్పు చేసినా, అప్పటికే కనెక్ట్ అయి కూర్చున్నవాళ్లకు అది వర్తించదు. అందుకని మార్చిందేమో సరైనదే, పరీక్షించిందేమో పాత కనెక్షన్ మీద. ఒకే విండోస్ నుంచి ఒకే సర్వర్‌కు రెండు పేర్లతో వెళ్లకూడదట. కానీ సర్వర్‌ను ఒకసారి పేరుతో, ఇంకోసారి ఐపీ నంబర్‌తో పిలిస్తే వీళ్లు వేరే, వాళ్లు వేరే అనుకుని రెండిటికీ తలుపు తీస్తుంది. ఈ చివరిది విండోస్ అమాయకత్వం, మీ ఖాతాలో వేయను.

మీ ఎన్నికల సంగతి కూడా అడగాలి. 'ఓఎస్ లెవెల్' అని మీలో ఒక నంబర్ ఉంటుంది, మామూలుగా 20. నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల జాబితా ఎవరు పట్టుకోవాలో తేల్చడానికి యంత్రాలు వాటిలో అవే ఎన్నిక పెట్టుకునేవి. ఓటర్లు లేరు, నంబర్ ఎక్కువున్నవాడే నెగ్గేవాడు. విండోస్ ఎన్‌టీ సర్వర్ 32తో దిగేది కాబట్టి నాకు ముందున్న పెద్దమనిషి మీలో 65 రాసి పెట్టాడు. ఆరిపోయిన కంప్యూటర్ పేరు జాబితాలోంచి పోవడానికి 36 నిమిషాల దాకా పట్టేది, ఎందుకంటే పన్నెండేసి నిమిషాలకోసారి చెప్పే హాజరు మూడుసార్లు తప్పితే గానీ పేరు కొట్టేయరు. ఇప్పుడు ఆ పద్ధతే మూలపడింది. 65 మాత్రం మీలో అలాగే ఉంది, పదవి పోయినా కారు మీద బోర్డు తీయని నాయకుడిలా.

ఆ పద్ధతి మూలపడటానికి కారణం పాత ఎస్‌ఎంబీ వన్‌ను మూలకు నెట్టడం. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై లోకమంతా పాకింది ఆ పాత భాషను విండోస్ అమలు చేసిన తీరులోని లోపం పట్టుకునే. 2019లో సాంబా 4.11 వచ్చినప్పుడు మీరు కూడా దాన్ని మామూలుగా మూసేసి ఉంచారు. మంచి పని చేశారు. కానీ మా ఆఫీసులో మూలన ఒక పాత కాపీయర్ ఉంది. స్కాన్ చేసిన కాగితాన్ని ఫోల్డర్‌లోకి పంపాలంటే దానికి ఆ ఒక్క భాషే వచ్చు. తెరిస్తే సెక్యూరిటీ వాళ్లకు కోపం, మూస్తే స్కానింగ్ వాళ్లకు కోపం. కరవమంటే కప్పకు, విడవమంటే పాముకు. నేను 'సర్వర్ మిన్ ప్రోటోకాల్' దగ్గర ఎన్‌టీ1 అని రాసి, ఎవరికీ చెప్పకుండా, కొన్నాళ్లు తలదించుకుని తిరిగాను. తర్వాత ఆ కాపీయర్‌కు ఫైళ్లు పంపే ఇంకో భాష, ఎఫ్‌టీపీ, కూడా వచ్చని దాని మెనూలో ఏడో పేజీలో కనబడింది.

మీ మీద కోపం ఇంతే ఉంటే ఈపాటికి ఉత్తరం ముగించేవాణ్ణి. కానీ ఒక విషయం ఒప్పుకోవాలి. మీ వాళ్లు ఈ భాషను పుస్తకం చూసి నేర్చుకోలేదు. తీగల మీద పోయే ప్యాకెట్లను చాటుగా విని, ఇదంటే అదేమో, అదంటే ఇదేమో అని ఊహించి నేర్చుకున్నారు. యూరోపియన్ కమిషన్ కేసు కోర్టులో నెగ్గాక, 2007 డిసెంబరులో, ఒప్పందం చేసుకుని 10,000 యూరోలు కట్టాక గానీ మైక్రోసాఫ్ట్ పత్రాలు చేతికి రాలేదు. అన్నేళ్లు చెవితో నేర్చుకున్న భాషలో నాలుగు యాస మాటలు మిగిలిపోవడంలో వింత లేదు. మీలో ఉన్న ప్రతి విచిత్రమైన ఆప్షన్ వెనకా, ఎప్పుడో ఎక్కడో ఒక విండోస్ వెర్షన్ పెట్టిన పేచీ ఉంటుంది.

ఇక ఆ ముట్టుకోవద్దన్న లైను. మాన్యువల్ చదివాను. ఇప్పటి సిస్టమ్‌లు బఫర్ల (దారిలో డేటా కాసేపు ఆగే చోట్ల) సైజు వాటంతట అవే సర్దుకుంటాయి, మీరు వేలు పెడితే ఆ సర్దుబాటు పోతుంది అని ఉంది. అంటే ఇన్నేళ్లుగా మేం దేవుడి పటంలా కాపాడుకున్న లైను, సర్వర్ వేగానికి అడ్డమే తప్ప సాయం కాదు. మొన్న రాత్రి అందరూ వెళ్లాక తీసేశాను. చేతులు వణికాయి, అబద్ధం చెప్పను. రీస్టార్ట్ చేశాను. ఏమీ కాలేదు. వేగం పెరిగినట్టూ తెలియలేదు, తగ్గినట్టూ తెలియలేదు. కాస్త నిరాశపడ్డాను కూడా.

పొద్దున్నే రెండో అంతస్తు నుంచి ఫోన్. ప్రింటర్ పనిచేయడం లేదట. ఆ ప్రింటర్ మీ ద్వారా నడవదు, నాకు తెలుసు. వెళ్లి చూస్తే ప్లగ్ ఊడి ఉంది, అదీ చూశాను. అయినా కిందికొచ్చి మిమ్మల్ని తెరిచి ఆ లైను ఉన్న చోటే తిరిగి పెట్టేశాను.

ముందు సెమికోలన్ పెట్టాను లెండి.

ఇట్లు,
రూట్ అధికారం ఉండి కూడా మీ అనుమతి కోసం ఎదురుచూసే
మీ సిస్టమ్ అడ్మిన్