ముప్పై ఏళ్లు నిండేదాకా ఆగితే ఎలా?

గోదావరి డెల్టాలో సంబంధాలు కుదిర్చే ఏ పెళ్లిళ్ల పేరయ్యనైనా అడగండి. అవతలి ఇంట్లో షుగరుందంటే ఎవరూ పట్టించుకోరు. ‘మా తాతకీ ఉంది, నాన్నకీ ఉంది, మాకది పిత్రార్జితం’ అని నవ్వుతూ చెప్పుకుంటారు. అదే ఇంట్లో తనలో తాను మాట్లాడుకుంటూ గది దాటి రాని కుర్రాడున్నాడని తెలిస్తే మాటలు అక్కడితో ఆగిపోతాయి. అందుకే మొదటి జబ్బు ఊరందరికీ తెలుసు, రెండోది, అంటే లేని గొంతులు చెవిలో వినిపించే స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధి, వీధి గుమ్మం దాటదు. ఈ రెంటికీ మధ్య చుట్టరికం ఉందన్న సంగతి మాత్రం చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పలేదు.

నిజానికి ఇది పాత సంగతే. మతి చలించినవారున్న కుటుంబాల్లో మధుమేహం తరచూ కనిపిస్తుందని బ్రిటన్ మనోవైద్యుడు హెన్రీ మాడ్స్‌లీ 1879లోనే రాశారు. స్కిజోఫ్రీనియాకు తొలి మందు క్లోర్‌ప్రోమజైన్ వాడకంలోకి వచ్చింది 1952లో. కాబట్టి షుగరు తెచ్చిన నేరమంతా మాత్రల మీద మోపితే కుదరదు. ఇంకా ఒక్క మాత్రా మింగని కొత్త రోగుల్లో సైతం ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించడం లేదని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. రోగుల రక్తసంబంధీకుల్లో, తమకు ఏ మానసిక జబ్బూ లేనివారికి సైతం మధుమేహం మిగతావారికన్నా ఎక్కువని కొన్ని అధ్యయనాలు చూపాయి.

కారణం ఒక్కటే అని చెప్పలేం. జన్యువుల పాత్ర ఉంది, కడుపులో ఉన్నప్పటి పోషణ పాత్రా ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ దిగ్బంధంతో నెదర్లాండ్స్‌లో జనం ఆకలికి అల్లాడారు. ఆ కరువు ముదిరిన రోజుల్లో కడుపున పడ్డవారిలో స్కిజోఫ్రీనియా దాదాపు రెట్టింపైంది. అప్పుడు తల్లి గర్భంలో ఉన్నవారికి నడివయసులో రక్తంలో చక్కెర అదుపు తప్పడమూ ఎక్కువగా కనిపించింది. అలాగని షుగరున్న ఇంట్లో అందరూ భయపడనక్కర్లేదు. తోబుట్టువుకు స్కిజోఫ్రీనియా ఉంటే మిగతావారికి వచ్చే అవకాశం నూటికి పది లోపే. పెళ్లి మాటల్లో ఈ లెక్క కూడా ఎవరైనా చెబితే బాగుండును.

అసలు ప్రమాదం వైద్యం మొదలయ్యాక పెరుగుతుంది. ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు చెవిలో వినిపించే గొంతుల్ని అణుస్తాయి. వాటితోపాటే ఆకలినీ రేపుతాయి. అర్ధరాత్రి లేచి కుక్కర్ మూత తీసి, మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకొని తినే కొడుకును చూసి తల్లి సంతోషిస్తుంది. నాలుగు నెలల్లో చొక్కా గుండీలు పట్టవు. ‘కుర్రాడు ఒళ్లు చేశాడు, మందు పట్టింది’ అంటారు పక్కింటివాళ్లు. నెలల తరబడి తిండి మానేసిన బిడ్డను చూసిన ఇంట్లో ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో మాకు తెలుసు. కానీ ఆ ఒళ్లు ఆరోగ్యం కాదు. ఈ రోగులు సగటున 10 నుంచి 20 ఏళ్లు ముందే కన్నుమూస్తున్నారు. ఆత్మహత్యలూ ఉన్నాయి గానీ, ఎక్కువమందిని తీసుకుపోతున్నవి గుండెజబ్బు, షుగరు వంటి ఒంటి జబ్బులే.

ఇది చదివి మాత్రలు ఆపేస్తే అంతకన్నా ముప్పు లేదు. మానేసినవారిలో జబ్బు తిరగబెట్టడం చాలా ఎక్కువ. చేయాల్సింది కొలవడం. మందు మొదలుపెట్టే రోజే బరువు, నడుము, బీపీ, పరగడుపు షుగరు, కొలెస్టరాల్ చూడాలి. తొలి మూడు నెలలూ నెలనెలా బరువు తూయాలి. మూడో నెలలో రక్తపరీక్ష మళ్లీ చేయాలి. ఈ సూచనలు 2004 నుంచీ ఉన్నాయి. బరువు పెరుగుతుంటే మందు మార్చడమో, షుగరు మందు మెట్‌ఫార్మిన్ జోడించడమో డాక్టర్ చూసుకుంటారు. మరి మన దగ్గర సైకియాట్రీ ఓపీలో రాసిన ఎన్ని చీటీల్లో నడుము కొలత కనిపిస్తుంది? నరసాపురం నుంచి విశాఖ దాకా రైల్లో తీసుకెళ్లి చూపించుకొచ్చిన ఫైలునైనా ఒకసారి తిరగేయండి.

ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం షుగరు, బీపీ చూస్తున్నారు కదా అనవచ్చు. చూస్తున్నారు, కానీ ఆ జాతీయ పథకం 30 ఏళ్లు నిండినవారికి. స్కిజోఫ్రీనియా మగవారిలో తరచూ పద్దెనిమిది, పాతికేళ్ల మధ్య పడగ విప్పుతుంది. ఇరవై రెండేళ్లకు మాత్రలు మొదలుపెట్టిన పిల్లవాడు ఆ జాబితాకు ఎక్కేసరికి ఎనిమిదేళ్లు గడిచిపోతాయి. అతని తమ్ముడు, చెల్లెలి పేర్లు ఇంకా ఆలస్యంగా ఎక్కుతాయి. ఈ కుటుంబాల వరకు వయసు షరతును సడలించాలని వైద్యారోగ్య శాఖను మేము కోరుతున్నాం.

ఒక జాగ్రత్త తప్పదు. ‘ఇంట్లో మనోవ్యాధి ఉందా’ అని గ్రామంలో ఫారం నింపిస్తే సాయంత్రానికి రచ్చబండ మీద చర్చ మొదలవుతుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అందుకే పని సైకియాట్రీ ఓపీ నుంచే మొదలవ్వాలి. రోగితో వచ్చిన తల్లికి, తోబుట్టువులకు అక్కడే చీటీ రాసివ్వాలి. ఆ చీటీ మీద షుగరు, బీపీ, నడుము కొలత అని ఉంటే చాలు, ఎందుకో రాయనక్కర్లేదు.