పుల్ల ఎందుకు తెగుతుంది? చక్రాల మన్నిక మీద తిరుగుతున్న ఒక సందేశానికి ఖండన

రోడ్ బైక్ తొక్కేవాళ్ళ మధ్య ఒక సందేశం చాన్నాళ్ళుగా తిరుగుతోంది. చక్రాలు కలకాలం మన్నాలంటే ఏం చూసి కొనాలో చెబుతుంది. అందులోని మాటలు ఇవి: ఖరీదు ఎక్కువైన చక్రమే ఎక్కువ కాలం వస్తుంది. పుల్లలు (స్పోకులు) ఎంత లావైతే చక్రం అంత గట్టి. 32 పుల్లల చక్రం పాతకాలం సరుకు, ఇప్పటి చక్రాలకు 20 పుల్లలు చాలు. పుల్ల తెగిందంటే గుంతలో పడినందువల్లే, ఆ ఒక్కటి మార్చుకుంటే సరి. సీల్డ్ బేరింగులకు సర్వీసింగ్ అక్కర్లేదు. టైర్లో గాలి రాయిలా ఉంటే రిమ్ము భద్రం. చివర్లో ఒక సలహా కూడా ఉంది: ఫ్యాక్టరీలో బిగించి వచ్చిన చక్రం జోలికి మళ్ళీ వెళ్ళొద్దు.

చాలాకాలంగా నా చక్రాలు నేనే అల్లుకుంటున్నాను, స్నేహితులవి కూడా సరిచేసి ఇస్తుంటాను. ఈ సందేశం నమ్మి చక్రాలు కొన్నవాళ్ళు, బాగుచేయగల చక్రాన్ని పారేసినవాళ్ళు నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటకు జవాబు రాస్తున్నాను. పుల్ల తెగడం గురించిన మాటతో మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా వాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి.

"పుల్ల తెగిందంటే గుంతలో పడినందువల్లే."

చెక్క బండి చక్రంలో బరువు కింది ఆకుల మీద నిలబడుతుంది. సైకిల్ పుల్ల సన్నని తీగ, అది బరువును కింద నుంచి మోయలేదు, వంగిపోతుంది. అందుకే పుల్లలన్నిటినీ ముందే గట్టిగా లాగి బిగిస్తారు. మనం సీటు మీద కూర్చోగానే నేలను తాకే చోట రిమ్ము వెంట్రుకవాసి చదునవుతుంది. సరిగ్గా అక్కడున్న మూడు నాలుగు పుల్లల టెన్షన్, అంటే బిగువు, తగ్గుతుంది. మిగతా పుల్లల్లో మార్పు చాలా స్వల్పం. అంటే చక్రం ఒకసారి తిరిగితే ప్రతి పుల్లా ఒకసారి వదులై మళ్ళీ బిగుస్తుంది.

28 మి.మీ. టైరు వేసిన 700సి చక్రం (రోడ్ బైక్‌లకు మామూలుగా ఉండే సైజు) చుట్టుకొలత సుమారు 2.13 మీటర్లు. కిలోమీటరుకు 470 సార్లు తిరుగుతుంది. 10,000 కిలోమీటర్లు తొక్కితే ఒక్కో పుల్ల దాదాపు 47 లక్షల సార్లు వదులై బిగుస్తుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచుతూ ఉంటే కొంతసేపటికి అదే తెగుతుంది కదా, ఇక్కడ జరిగేది ఆ జాతి పనే, చాలా నెమ్మదిగా. లోహం అలసిపోతుంది. అందుకే పుల్ల ఎక్కువగా హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గర, తల కింద వంపు తిరిగే మెడ దగ్గర తెగుతుంది. కొన్నిసార్లు నిప్పిల్ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) దగ్గర మర మొదలయ్యే చోట. మంచి రోడ్డు మీద నెమ్మదిగా పోతున్నప్పుడు, ఏ గుంతా లేని చోట టింగుమని తెగడం చాలామంది చూసే ఉంటారు. ఆ పగులు అప్పటికి ఎన్నో నెలల ముందే మొదలై ఉంటుంది.

ఒక్క దెబ్బకు లాగి తెంచాలంటే 2 మి.మీ. స్టెయిన్‌లెస్ పుల్లకు 250 కిలోలకు పైగా బలం కావాలి. చక్రంలో దాని మామూలు టెన్షన్ 100 నుంచి 120 కిలోలే. గుంత దెబ్బకు సాధారణంగా పాడయ్యేది రిమ్ము, సొట్ట పడుతుంది. బయటి దెబ్బ వల్ల పుల్ల తెగే సందర్భం ఒకటుంది: గొలుసు పెద్ద పళ్ళచక్రం దాటి లోపలికి పడి పుల్లల్ని గీరేస్తే, ఆ గాటు దగ్గర తర్వాతెప్పుడో తెగుతాయి.

మరి కొన్ని చక్రాల్లో ఒక్క పుల్లా తెగకుండా, కొన్నిట్లో వరసగా ఎందుకు తెగుతాయి? బిగింపులో తేడా వల్ల. టెన్షన్ తక్కువున్న పుల్ల నేల దగ్గరకు వచ్చినప్పుడల్లా పూర్తిగా వదులైపోతుంది. హబ్బు రంధ్రంలో దాని మెడ కదులుతుంది, నిప్పిల్ కూడా మెల్లగా తిరిగి వదులవుతుంది. అప్పుడు పక్క పుల్లల మీద భారం పెరుగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. తయారీలో పుల్ల మెడను చల్లగా ఉండగానే వంచుతారు. ఆ వంపులో కొంత ఒత్తిడి మిగిలిపోతుంది. చక్రం అల్లాక సమాంతరంగా ఉన్న పుల్లల్ని జతలుగా పట్టుకుని గట్టిగా పిండితే, ఆ మెడ క్షణకాలం మామూలు కంటే ఎక్కువ లాగబడి, మిగిలిన ఒత్తిడి చాలావరకు పోతుంది. చక్రం మొత్తానికి రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసిన చక్రాల్లో మెడలు తొందరగా తెగుతాయి.

నా వెనక చక్రానికి ఒకే సీజన్లో మూడు పుల్లలు తెగాయి. తెగినప్పుడల్లా ఆ ఒక్కటే మార్పించాను, బెండు తీయించాను. మూడోది పోయాక కూర్చుని పుల్లల్ని వేలితో మీటి చూశాను. గేర్ల వైపే కొన్ని వీణ తీగల్లా మోగాయి, కొన్ని టప్పుమన్నాయి. బెండు తీసిన ప్రతిసారీ చక్రం చూడటానికి తిన్నగా అయింది కానీ, టెన్షన్ పుల్లపుల్లకూ వేరైపోయింది. అదే హబ్బు, అదే రిమ్ము ఉంచి, పుల్లలన్నీ కొత్తవి వేసి సమానంగా బిగించాను. ఆ చక్రం మీద ఇప్పటికీ తొక్కుతున్నాను.

కాబట్టి "ఆ ఒక్కటి మార్చుకుంటే సరి" అన్న మాట మొదటి పుల్ల వరకే, అదీ మిగతా వాటి టెన్షన్ కూడా చూసుకుంటేనే. మెడ దగ్గర రెండోది, మూడోది తెగితే మిగతావి కూడా అన్ని లక్షల సార్లు వదులై బిగిసినవే. రిమ్ము తిన్నగా ఉండి, అరుగుదల లేకపోతే పుల్లలు మొత్తం మార్చడమే నయం.

"పుల్లలు ఎంత లావైతే అంత గట్టి."

వినడానికి సబబుగా ఉంటుంది. కానీ పుల్ల తెగేది మెడ దగ్గర, మధ్యలో కాదు. బటెడ్ పుల్లలు అని ఉంటాయి: రెండు చివర్లా 2.0 మి.మీ., మధ్యలో 1.8 మి.మీ. డీటీ స్విస్ కంపెనీ కాంపిటీషన్, సాపిమ్ కంపెనీ రేస్ పుల్లలు ఈ కొలతల్లోవే. మధ్యలో కోత వైశాల్యం 19 శాతం తక్కువ కాబట్టి అదే టెన్షన్‌కు పుల్ల ఇంకాస్త సాగుతుంది. నేల దగ్గర రిమ్ము అణిగినప్పుడు ఆ సాగుదల కొంత తగ్గుతుందే తప్ప పుల్ల పూర్తిగా వదులవదు. లావు పుల్ల తక్కువ సాగి ఉంటుంది, రిమ్ము కాస్త అణగగానే వదులైపోతుంది. మెడ దగ్గర మాత్రం రెండు రకాలకూ లావు ఒకటే. ఎక్కువ బరువు మోసే సైకిళ్ళకు మెడ దగ్గరే 2.3 మి.మీ. ఉండి మధ్యలో సన్నబడే పుల్లలు కూడా దొరుకుతాయి. లావు ఎక్కడ పనికొస్తుందో ఆ పుల్లను చూస్తేనే తెలుస్తుంది.

నిప్పిల్ సంగతి సందేశంలో లేనే లేదు, నాకైతే అది ముఖ్యం. ఇత్తడివే తీసుకోండి. అల్యూమినియంవి వేస్తే ఒక చక్రానికి తగ్గే బరువు 20 గ్రాములు, అంతే. కొన్నేళ్ళ చెమట, వాన తర్వాత అవి పుల్లకు పట్టేసి, కీ పెట్టి తిప్పితే పిండిలా రాలిపోతాయి. కార్బన్ రిమ్ములో అయితే వాటిని తుప్పు ఇంకా త్వరగా తినేస్తుంది.

"32 పుల్లలు పాతకాలం సరుకు, 20 చాలు."

పుల్లల్ని ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా అల్లే పద్ధతికి జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంట్ తీసుకున్నాడు. పాతదే. అయినా హబ్బు నుంచి రిమ్ముకు తిప్పే బలం చేరాలంటే ఇప్పటికీ అంతకంటే మంచి దారి లేదు. డిస్క్ బ్రేకులు వచ్చాక దాని అవసరం పెరిగింది కూడా, బ్రేకు బలం హబ్బు నుంచే పుల్లల ద్వారా రిమ్ముకు వెళ్ళాలి కదా.

20 పుల్లల చక్రాలు పనికిరానివని నేననను. గాలిని బాగా కోస్తాయి. బలమైన, బరువైన రిమ్ముతో, ఎక్కువ టెన్షన్‌తో సరిగ్గా చేసినవి చాలా దూరం నడుస్తాయి. కానీ ఒక్కో పుల్లకు, రిమ్ములో ఒక్కో రంధ్రానికి వచ్చే భారం పెరుగుతుంది. అందులో ఒకటి తెగితే రిమ్ము పక్కకు లాగేసి ఫ్రేముకో బ్రేకుకో రుద్దుకుంటుంది, చాలాసార్లు సైకిల్ నడిపించుకుంటూ రావాల్సి వస్తుంది. 32 పుల్లల్లో ఒకటి పోతే బ్రేకు కాస్త వదులు చేసుకుని నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు. మన్నిక అంటే నాకు ఇది కూడా.

వెనక చక్రానికి ఇంకో ఇబ్బంది ఉంది. గేర్ల కోసం చోటు వదలాలి కాబట్టి ఆ వైపు హబ్బు అంచు లోపలికి జరుగుతుంది. రిమ్ము మధ్యలో నిలవాలంటే గేర్ల వైపు పుల్లలు బాగా బిగియాలి, ఎడమ వైపువి దాదాపు సగం టెన్షన్‌తో మిగిలిపోతాయి. క్యాసెట్‌లో (వెనక పళ్ళచక్రాల గుత్తిలో) గేర్లు పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరిగింది. రంధ్రాలు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిపి చేసిన రిమ్ములు ఈ తేడాను తగ్గిస్తాయి. అందుకే, ముందు చక్రానికి 24 లేదా 28 తీసుకున్నా వెనక చక్రానికి పుల్లలు ఎక్కువ ఉండాలనే నా సలహా. బరువైనవాళ్ళకు, సామాను కట్టుకుని దూరాలు వెళ్ళేవాళ్ళకు వెనక 32, కుదిరితే 36.

"ఖరీదు ఎక్కువైతే మన్నిక ఎక్కువ."

ఒక మెట్టు వరకు నిజం. మరీ చవక చక్రాల్లో బేరింగులు, బిగింపు రెండూ నాసిగా ఉంటాయి. ఆ మెట్టు దాటాక మనం పెట్టే డబ్బు ఎక్కువగా బరువు తగ్గించడానికీ, గాలి ఒరిపిడి తగ్గించడానికీ పోతుంది. రిమ్ము బ్రేకులున్న సైకిల్లో రిమ్ము అరిగిపోయే వస్తువు, బ్రేకు రబ్బరు లాగే. వానలో బురద ఇసుక చేరితే ఆకురాయి పెట్టి రాసినట్టే. చాలా రిమ్ముల మీద అరుగుదల తెలిసేలా చిన్న గుంటో గీతో ఉంటుంది. అది కనిపించకుండా పోయినా, బ్రేకు పట్టే గోడ లోపలికి గుంటపడినా రిమ్ము మార్చాలి. ఎంత ఖరీదైనదైనా ఇది తప్పదు. రిమ్ము బ్రేకులతో కార్బన్ రిమ్ము వాడితే పొడవైన దిగుడు దారుల్లో వేడికి లోపలి రెజిన్ (కార్బన్ పోగుల్ని అతికించి ఉంచే జిగురు) మెత్తబడే ప్రమాదం కూడా ఉంది. డిస్క్ బ్రేకులకు ఆ బాధ లేదు, అక్కడ కార్బన్ చక్కగా మన్నుతుంది. కాకపోతే గట్టి దెబ్బకు అల్యూమినియం సొట్టపడి కనిపిస్తుంది, కార్బన్ పగులుతుంది, ఆ పగులు అన్నిసార్లూ పైకి కనపడదు.

ఖరీదు కంటే ముందు అడగాల్సినది వేరే: అయిదేళ్ళ తర్వాత ఈ చక్రానికి ఒక పుల్ల దొరుకుతుందా? ఆ కంపెనీ ఆ మోడల్‌కే చేసే ప్రత్యేకమైన పుల్లలు, నిప్పిళ్ళు ఉంటే, ఆ మోడల్ ఆగిపోయిన రోజు నుంచీ వెతుకులాటే. మామూలు వంపు తల పుల్లలు, అందరూ చేసే కొలతలు ఉంటే ఎవరైనా బాగుచేస్తారు.

"సీల్డ్ బేరింగులకు సర్వీసింగ్ అక్కర్లేదు."

సీలు నీటిని ఆలస్యం చేస్తుంది, పూర్తిగా ఆపదు. ప్రెషర్ గొట్టంతో హబ్బు మీదకు నీళ్ళు కొడితే ఏ సీలూ నిలవదు. వీటి సుగుణం మార్చుకోవడం తేలిక కావడం. బేరింగు మీద 6902 లాంటి నంబరు ఉంటుంది, అదే నంబరుది తెచ్చి వేస్తే హబ్బు కొత్తదైనట్టే. కప్పు, కోను, బాల్సు ఉన్న పాతరకం హబ్బు కూడా తక్కువదేం కాదు. ఏడాదికోసారి విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, బాల్సు మారిస్తే దశాబ్దాలు తిరుగుతుంది. వదులుగా ఉన్నా పట్టించుకోకుండా తొక్కితే మాత్రం కోను గుంటలు పడుతుంది.

"టైర్లో గాలి రాయిలా ఉంటే రిమ్ము భద్రం."

గాలి మరీ తక్కువైతే టైరు నలిగి రిమ్ము దెబ్బతింటుంది, అంతవరకు ఒప్పుకుంటాను. మరీ ఎక్కువైతే ప్రతి కుదుపూ నేరుగా రిమ్ముకు, పుల్లలకు, మన చేతులకు చేరుతుంది. టైరు పక్కన రాసి ఉండేది దాటకూడని హద్దు, అంత కొట్టమని కాదు. ఫ్రేములో చోటుంటే 25 మి.మీ. టైరు నుంచి 28 మి.మీ. టైరుకు మారి గాలి కాస్త తగ్గించడం చక్రానికి మనం చేయగల అతి తేలికైన మేలు.

"ఫ్యాక్టరీలో బిగించిన చక్రం జోలికి వెళ్ళొద్దు."

కొత్త చక్రం మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో సర్దుకుంటుంది, కొన్ని పుల్లలు వదులవుతాయి. సైకిల్ తలకిందులుగా పెట్టి, ఒక్కో వైపు పుల్లల్ని వరసగా వేలితో మీటండి. ఒకే వైపు పుల్లలన్నీ దగ్గర దగ్గర శ్రుతిలో మోగాలి. వెనక చక్రంలో కుడి ఎడమలకు తేడా ఉండటం సహజం, ఒకే వైపు తేడా ఉండకూడదు. టప్పుమన్న పుల్ల ఉంటే నిప్పిల్‌ను పావు చుట్టు బిగించి, పక్కవి చూసి, మళ్ళీ మీటండి. అన్నిటినీ కలిపి ఇంకా ఇంకా బిగించేయకండి, రిమ్ము తయారీదారు చెప్పిన హద్దు దాటితే పుల్ల రంధ్రాల చుట్టూ రిమ్ము పగుళ్ళిస్తుంది. కీ తిప్పే ధైర్యం లేకపోతే టప్పుమన్న పుల్ల దగ్గర రిమ్ము మీద చిన్న టేపు ముక్క అంటించి, చక్రాలు అల్లడం తెలిసినవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళండి. బెండు తీయమని మాత్రమే కాకుండా, టెన్షన్ మీటరు పెట్టి అన్ని పుల్లలూ చూడమని అడగండి.