తూకం పక్కన పెట్టి టేపు పట్టండి

నా మిత్రుడొకరు మూడు నెలలపాటు తెల్లవారుజామునే లేచి నడిచారు. చివరికి తూకం యంత్రం ఎక్కితే తగ్గింది ముప్పావు కిలో. "ఈ మాత్రానికి నిద్ర పాడుచేసుకోవడం ఎందుకు?" అని మానేశారు. నా కళ్లు మాత్రం ఆయన బెల్టు మీద పడ్డాయి. ఉన్న రంధ్రాలు చాలక, మేకుతో పొడుచుకున్న కొత్త రంధ్రం! శుభవార్తను నడుముకు చుట్టుకుని తిరుగుతూ ఆయన యంత్రం మాట నమ్మారు.

కొవ్వంతా ఒకటి కాదు. పిడికిట పడితే చిక్కేది చర్మం కిందిది. అది అద్దం ముందు బాధపెడుతుందే గానీ చేసే హాని తక్కువ. పేగుల చుట్టూ పేరుకునేది చేతికి చిక్కదు. అక్కడి రక్తం నేరుగా కాలేయానికే వెళుతుంది, కొవ్వు ఆమ్లాలను వెంటబెట్టుకుని. మధుమేహానికి, గుండెజబ్బుకు దారి వేసేది ముఖ్యంగా ఇదే. 

బరువు తగ్గాలంటే తిండి తగ్గించాలి, నడకతో ఒరిగేది స్వల్పం అంటారు కొందరు వైద్యులు. బరువు వరకు వారి మాట నిజమే. కానీ మనకు కావలసింది బరువు తగ్గడమా, జబ్బు తగ్గడమా? 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, బరువు ఏమీ తగ్గకపోయినా వ్యాయామంతో లోపలి కొవ్వు 6 శాతం దాకా కరిగింది. తిండి తగ్గించినవారిలో బరువు కదలకపోతే ఆ కొవ్వూ దాదాపు కదల్లేదు. తూకానికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

మనవాళ్ల విషయంలోనైతే దానికి మరీ తెలియదు. 2004లో లాన్సెట్ వైద్య పత్రిక పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో వేసింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తే మనిషి. తన వ్యాయామమల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పరుగెత్తడమేనని యాజ్ఞిక్ తన మీద తానే చమత్కరించుకున్నారు. అందుకే మనకు నడుము కొలత ముఖ్యం: మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే మేలుకోవాలి. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ కొలవాలి. పొట్ట బిగబట్టి కొలిస్తే మోసపోయేది మనమే.

సరే, నడవమంటున్నాం. ఎక్కడ నడవాలి? మన నగరాల్లో కాలిబాట అంటే ట్రాన్స్‌ఫార్మరు, నిలిపిన బైకులు, మూత లేని మురుగు కాల్వ. ఫ్లైఓవర్ల శంకుస్థాపనలకు బారులు తీరే నాయకులు కాలిబాటకు కొబ్బరికాయ కొట్టగా నేను చూడలేదు. చీకటి పడ్డాక దీపాలు లేని వీధిలో ఆడవాళ్లను నడవమనే ధైర్యం ఏ వైద్యుడికుంది? షుగరు మాత్రలకు లెక్క రాసే ప్రభుత్వాలు కాలిబాటలనూ ఆరోగ్య ఖర్చు కిందే రాయాలి.

నా మిత్రుడు మళ్లీ మొదలుపెట్టారు. వీధిలో కాదు, మేడ మీద. నీళ్ల ట్యాంకు చుట్టూ రోజూ వంద చుట్లు.