పాత మందుకు దిక్కులేదు, కొత్తదానికి డప్పు

బలహీనపరిచిన బతికున్న బ్యాక్టీరియాతో క్యాన్సర్‌కు టీకా అంటూ మళ్లీ హడావిడి మొదలైంది. లిస్టీరియా, సాల్మొనెల్లా లాంటి క్రిముల కోరలు పీకి, వాటితో కణితి మీదికి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పుతారట. పరిశోధన జరగాల్సిందే, కాదనం. మరి ఇప్పటికే పనిచేస్తున్న బ్యాక్టీరియా గతేమిటి?

1921 నుంచి క్షయ టీకాగా వాడుతున్న బీసీజీ కూడా బలహీనపరిచిన బతికున్న బ్యాక్టీరియాయే. అది మూత్రాశయ క్యాన్సర్‌పైనా పనిచేస్తుందని 1976లో కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ చూపించారు. 1990లో అమెరికా ఆమోదించింది. కండరంలోకి ఇంకా దిగని, ముదిరే ముప్పు ఎక్కువున్న కణితులకు నేటికీ ప్రధాన చికిత్స ఇదే. సన్నటి గొట్టంతో మందును మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. రోగి రెండు గంటలు బిగబట్టుకోవాలి. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు. ఎక్కించాక ఆరు గంటల పాటు టాయిలెట్‌కి వెళ్లిన ప్రతిసారీ బ్లీచ్ పోయాలి, బయటికొచ్చేవి బతికున్న క్రిములు కదా. ఇంత అవస్థనూ రోగులు ఓర్చుకుంటున్నారంటే, ఇది లేకపోతే చాలామందికి మిగిలేది మూత్రాశయాన్నే తీసేసే ఆపరేషన్ కాబట్టి.

ఆ మందుకే ఏళ్ల తరబడి కటకట! కెనడాలోని టొరంటోలో మందుల కంపెనీ సనోఫీ ప్లాంటులో 2012లో ఉత్పత్తి ఆగింది. 2017కల్లా ఆ కంపెనీ ఈ మందు తయారీ నుంచే తప్పుకుంది. అంత పెద్ద అమెరికాకూ మెర్క్ అనే కంపెనీ ఒక్కటే దిక్కయింది. కొరత ఉన్నచోట డోసును మూడో వంతుకు తగ్గించి సర్దుకోండని 2019లో అక్కడి మూత్రవ్యాధుల వైద్యుల (యూరాలజీ) సంఘమే చెప్పాల్సి వచ్చింది. ప్రాణం మీదికొచ్చిన రోగికి మందును కోత పెట్టి పంచడం, అదీ అమెరికాలో.

ఈ బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుందని, ఒక బ్యాచ్‌కు మూడు నెలలు దాటుతుందని తయారీదారులు అంటారు. నిజమే. కానీ అది నిన్నో మొన్నో తెలిసిన సంగతా? అసలు సంగతి వేరు. పాత మందు, చవక మందు, లాభం తక్కువ. అందుకే రెండో ఫ్యాక్టరీ పెట్టడానికి ఏళ్ల తరబడి ఎవరికీ చేతులు రాలేదు. కొత్త పేటెంట్ల కోసమైతే పెట్టుబడులు పరుగెత్తుకొస్తాయి.

ఆ పరుగైనా చివరిదాకా ఉంటుందా? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌పై లిస్టీరియా టీకాకు మూడో దశ పరీక్ష (ఆమోదానికి ముందు రోగులపై చేసే పెద్ద పరీక్ష) జరుగుతుండగానే, ఖర్చు, సమయం లెక్కేసుకుని 2019లో కంపెనీయే దాన్ని మూసేసింది. నమ్మి చేరిన రోగులకు ఆ లెక్కలతో ఏం పని?

ఆమోదాలిచ్చే నియంత్రణ సంస్థలారా, పనిచేస్తుందా అని అడిగితే సరిపోదు. తయారీ ఆగితే ఎవరు అందిస్తారో ముందే రాయించుకోండి. బీసీజీకి అది చేయని మీరు, రేపటి టీకాలకు చప్పట్లు కొట్టడానికి మాత్రం ముందు వరసలో కూర్చుంటున్నారు.